దవడ కీలు పట్టేసిందా? పన్ను పీకించే ముందు తడిగుడ్డ కాపడం పెట్టి చూడండి

సంక్రాంతి దగ్గర పడుతోందంటే మా వైపు తేగల కట్టలు దిగుతాయి. కాల్చిన తేగ పొట్టు ఒలిచి, నిలువునా చీల్చి, ఆ పీచు నములుతూ ఎండలో కబుర్లు చెప్పుకోవడం శ్రీకాకుళం జిల్లా ఆడవాళ్ళకి పండగలో సగం. మూడేళ్ళ కిందట అలా నాలుగో తేగ నములుతుండగా మా తోటికోడలికి కుడి చెవి ముందర 'టక్కు'మంది. "అమ్మో!" అని దవడ పట్టుకుంది. ఆ పూటకి సర్దుకుంది. మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుందామంటే నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోలేదు.

తర్వాత జరిగింది మన ఇళ్ళలో మామూలుగా జరిగేదే. చెవిపోటు అనుకుని చెవిలో చుక్కలు వేసుకుంది. తగ్గలేదు. మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు తెచ్చుకుని పది రోజులు మింగింది. మింగినంతసేపూ కాస్త నెమ్మది, తర్వాత మామూలే. పన్ను పుచ్చిందేమోనని ఒక చోటికి వెళితే వెనకాల దంతం ఒకటి పీకేశారు. దంతం పోయింది. నొప్పి వున్నచోటే వుంది.

"అప్పా, పన్ను పీకించేసేనప్పా. అయినా తగ్గనేదు. రెండోది కూడా పీకాలంతన్నారు. ఏటి సెయ్యాల?" అని ఫోన్లో ఏడిచింది.

ఆ రెండో పన్నుని కాపాడింది ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి. మెడ నొప్పికని నేను వెళుతూ తోడుగా మా తోటికోడల్ని కూడా తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి తన వేళ్ళు రెండూ ఈవిడ చెవుల ముందర ఆనించి, "నోరు తెరవండి, మూయండి" అంది. బుగ్గలు నొక్కి చూసింది. "ఇది పంటి నొప్పి కాదమ్మా, కీలు నొప్పి" అని తేల్చింది. రాసిచ్చిన చీటీలో మందు పేరు ఒక్కటీ లేదు. వేడినీళ్ళు, తువ్వాలు, అద్దం, మెత్తటి తిండి. అంతే. ఆరు వారాలకి మా తోటికోడలు మామూలుగా ముద్ద పెట్టుకుని అన్నం తింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం అనవసరంగా పోయిన ఆ మొదటి పన్నే.

చెవి ముందరి మడతబందు

మీ చూపుడు వేళ్ళు రెండూ చెవి తమ్మెకి పైన, చెవి రంధ్రం ముందర ఆనించండి. నోరు తెరిచి మూయండి. వేళ్ళ కింద ఏదో గుండ్రంగా కదిలింది కదా! అదే దవడ కీలు. డాక్టర్లు టీఎంజే అంటారు. తలుపు మడతబందులా తిరగడమే కాకుండా, నోరు పెద్దగా తెరిచినప్పుడు ఇది ముందుకి జారుతుంది కూడా. కింది దవడ ఎముకకీ పుర్రెకీ మధ్య చిన్న మెత్త లాంటి పలక వుంటుంది. ఆ మెత్త కొంచెం పక్కకి జరిగితే 'టక్కు'మని చప్పుడు వస్తుంది.

ఇప్పుడు వేళ్ళు బుగ్గల మీద పెట్టి పళ్ళు గట్టిగా బిగించండి. రాయిలా ఉబ్బినది నమిలే కండరం. కణతల మీద పెట్టి బిగించి చూడండి. అక్కడ విసనకర్రలా పరుచుకున్న కండరం ఇంకొకటి. దవడ నొప్పితో వచ్చేవాళ్ళలో చాలామందికి అసలు బాధ ఈ కండరాల్లోనే వుంటుంది. అందుకే అది చెవిపోటులా, పంటిపోటులా, తలనొప్పిలా రకరకాల వేషాలు వేస్తుంది. మనమేమో చెవికొకటి, పంటికొకటి, తలకొకటి మందు వాడుతూ పోతాం.

మాటల్లో మాట. సంస్కృతంలో దవడని 'హనువు' అంటారు. ఇంద్రుడి వజ్రాయుధం దెబ్బ దవడకి తగిలింది కాబట్టే ఆంజనేయుడికి హనుమంతుడని పేరొచ్చిందని పురాణ కథ. దవడ వైద్యానికి కూడా మన దగ్గర పాత చరిత్రే వుంది. దవడ కీలు తప్పినప్పుడు ఎముకని సరిచేసి, కాపడం పెట్టి, గడ్డం చుట్టూ కట్టు కట్టమని సుశ్రుత సంహిత చెబుతుంది. మన అమ్మమ్మల ఉప్పు మూటకి అంత పాత చుట్టరికం వుందన్నమాట.

పంటి బిగువున ఓర్చుకునే వాళ్ళకే ఎక్కువ

ఈ నొప్పి మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో సుమారు రెండింతలు ఎక్కువ. ఇరవై ఏళ్ళ నుంచి యాభై ఏళ్ళ లోపు వాళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది. హార్మోన్ల ప్రభావం కొంత వుండొచ్చంటారు. నేను గమనించిన కారణం ఇంకొకటి వుంది. కష్టాన్ని ఓర్చుకున్న ఆడదాన్ని మనం ఎలా మెచ్చుకుంటాం? "పంటి బిగువున భరించింది" అంటాం. ఆ బిగువు మాటవరసకి అన్నది కాదండీ, నిజంగానే బిగిస్తాం. పిల్ల ఫీజు కట్టాలి, ఆయన ఇంకా రాలేదు, అత్తగారికి దగ్గు తగ్గలేదు - ఇవన్నీ మనసులో తిరుగుతుంటే పళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి. కొంతమంది నిద్రలో పళ్ళు కొరుకుతారు. ఆ సంగతి వాళ్ళకి తెలియదు, పక్కన పడుకున్నవాళ్ళు చెప్పాలి.

మామూలుగా అయితే నమిలేటప్పుడూ, మింగేటప్పుడూ తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తాకకూడదు. పెదాలు కలిసివుండాలి, పళ్ళు విడిగా వుండాలి. ఈ మాట చదువుతున్న ఈ క్షణాన మీ పళ్ళు ఎలా వున్నాయో చూసుకోండి. తాకుతున్నాయా? వదిలెయ్యండి.

మిగతా కారణాలు మనకి తెలిసినవే. ఒక పక్కనే నమలడం, చెంపకి చెయ్యి ఆనించుకుని గంటలకొద్దీ టీవీ చూడడం, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని కూర తరగడం, బోర్లా పడుకోవడం. పలాస జీడిపప్పు కార్ఖానాల్లో పప్పు పొట్టు తీసే ఆడవాళ్ళలాగా, మిషను కుట్టేవాళ్ళలాగా, పొద్దస్తమానం తల ముందుకి వంచి పనిచేస్తే మెడ కండరాలతో పాటు దవడ కండరాలు కూడా బిగుస్తాయి. పంటి వైద్యం కోసం చాలాసేపు నోరు తెరుచుకుని కూచున్నాక మొదలయ్యేదీ వుంది.

అసలు నొప్పి లేకుండా ఉత్తి చప్పుడే వస్తోందంటే గాభరా పడకండి. ఎంతోమందికి దవడ టక్కుమంటుంది. నొప్పి లేనంతకాలం, నోరు బాగా తెరుచుకుంటున్నంతకాలం దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు.

బిళ్ళల సంగతి - ముఖ్యంగా ఉద్దానం వైపు వాళ్ళకి

కాపడం గురించి ఇంతగా చెప్పడానికి మన జిల్లాలో ఒక ప్రత్యేక కారణం వుంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస - కొబ్బరీ జీడిమామిడి తోటల ఈ ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని గుల్లచేసిందో వేరే చెప్పక్కర్లేదు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జాతి నొప్పి బిళ్ళలు కిడ్నీలకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. ఆరోగ్యంగా వున్న మనిషి డాక్టరు చెప్పిన మోతాదులో రెండు రోజులు వాడితే ఫరవాలేదు. కిడ్నీ ఇప్పటికే నీరసించి, ఆ సంగతి తెలియని మనిషి వారాల తరబడి మింగితే? కిడ్నీ జబ్బు మొదట్లో ఏ సూచనా ఇవ్వదు. దవడ నొప్పేమో ఒక రోజులో పోయేది కాదు, వారాలు పడుతుంది. అన్ని వారాలూ బిళ్ళలతో గడపడం ఉద్దానం ఆడపడుచులకి మరీ ప్రమాదం. బీపీ, షుగరు వున్నవాళ్ళు ఎక్కడ వున్నా ఇంతే జాగ్రత్త పడాలి. తువ్వాలుకీ వేడినీళ్ళకీ ఆ భయం లేదు.

కాపడం పెట్టే పద్ధతి

పొడి కాపడం కంటే తడి కాపడం మేలు. తడి వేడి చర్మానికి ఒకే తీరుగా అంటుకుంటుంది. వేడికి రక్తనాళాలు విచ్చుకుంటాయి, బిగిసిన కండరం వదులవుతుంది, నొప్పి కబురు మోసుకెళ్ళే నరాలు కాస్త సద్దుమణుగుతాయి.

చేతి తువ్వాలు ఒకటి తీసుకోండి. టర్కీ తువ్వాలయితే వేడి నిలుస్తుంది. వేడినీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, మూడు మడతలు పెట్టండి. చంటిపిల్లకి నీళ్ళు పోసే ముందు మోచెయ్యి ముంచి చూస్తాం కదా, అలాగే ముందు మోచేతి లోపలి పక్కన ఆనించి చూసుకోండి. హాయిగా వుండాలి గానీ చుర్రుమనకూడదు. కణత దగ్గర్నుంచి చెవి ముందరగా దవడ అంచు దాకా కప్పండి. నొప్పి ఒకవైపే అయినా రెండు వైపులా పెట్టడం మంచిది. రెండో పక్క కూడా దీని బరువు మోస్తూనే వుంటుంది.

చిక్కేమిటంటే ఉత్త తువ్వాలు అయిదు నిమిషాల్లో చల్లారిపోతుంది. లేచి వెళ్ళి మళ్ళీ ముంచుకోవడానికి విసుగు. దానికో ఉపాయం వుంది. రబ్బరు వేడినీళ్ళ సంచిలో సగం దాకా నీళ్ళు పోసి, గాలి నొక్కేసి మూత బిగించండి. సలసల కాగే నీళ్ళు వద్దు, పొయ్యి మీంచి దించి కాసేపు ఆగిన నీళ్ళు పొయ్యండి. తడిపి పిండిన తువ్వాలు ఆ సంచి చుట్టూ చుట్టి చెంపకి ఆనించండి. ఇరవై నిమిషాల దాకా వేడి వుంటుంది. సంచి లేకపోతే మూత గట్టిగా బిగిసే ప్లాస్కు ఒకటి పక్కన పెట్టుకుంటే లేవకుండానే తువ్వాలు ముంచుకోవచ్చు.

ఒక విడతకి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు, రోజుకి మూడు నాలుగు విడతలు. పొద్దున్న లేవగానే ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి తప్పకుండా పెట్టండి. కాపడం పెట్టినంతసేపూ దవడ వేలాడనివ్వండి, మాట్లాడకండి. పదిహేను నిమిషాలు మాట్లాడకుండా కూచోవడం మన ఇంట్లో ఎంత కష్టమో నాకు తెలుసు. మా తోటికోడలు పెరటి తలుపు వేసుకుని కూచునేది.

వావిలాకు వేసి మరిగించిన నీళ్ళు వాడొచ్చా అని అడుగుతారు. బాలింతలకి పోసే అలవాటు మనది కదా. వాడుకోండి, ఇబ్బంది లేదు. పని చేసేది ప్రధానంగా వేడే. ఉప్పు మూటతో మాత్రం జాగ్రత్త. మూకుట్లో వేయించిన ఉప్పు మరిగే నీళ్ళ కంటే ఎక్కువ వేడెక్కుతుంది. పైకి గుడ్డ గోరువెచ్చగా తగిలినా లోపల నిప్పులా వుంటుంది. ముఖం మీద చర్మం పల్చన. రెండు మడతల గుడ్డలో కట్టి, ఒకచోట వుంచకుండా అద్ది అద్ది తీస్తూ వుండాలి. ఇసుక మూట, తవుడు మూటకీ ఇదే సూత్రం. కాల్చిన ఇటుక ముఖానికి వద్దే వద్దు. నొప్పి బామ్ రాసి దాని మీద కాపడం పెట్టకండి, చర్మం పొక్కుతుంది. షుగరు వల్ల చేతుల స్పర్శ తగ్గినవాళ్ళు వేడి ఎంతుందో ఇంకొకరి చేత చూపించుకోవాలి. చెంప మీదో చెవి కిందో చురకలు వేసే అలవాటు అక్కడక్కడ ఇంకా మిగిలి వుంది. దానివల్ల మచ్చ, పుండు తప్ప ఒరిగేదేమీ లేదు.

ఎప్పుడు వేడి, ఎప్పుడు చలవ?

దెబ్బ తగిలినా, అప్పటికప్పుడు పట్టేసి వాచినా మొదటి రెండు రోజులు వేడి వద్దు. అయిస్ ముక్కలు పల్చటి తడిగుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టండి. అయిస్ నేరుగా చర్మానికి తగలకూడదు. రెండు రోజులయ్యాక వేడికి మారండి. మొద్దుగా, లాగుతున్నట్టు, రోజంతా వుండే నొప్పికి వేడి పడుతుంది.

చిగురు వాచి, చీము పట్టి, బుగ్గ ఎర్రబడి, జ్వరం వుంటే పైన కాపడం పెట్టకండి. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చల్లనిదో వేడిదో తాగితే ఒకే పన్ను జివ్వుమంటోందంటే అది పంటి నొప్పే. రెండు మూడు పళ్ళు కలిసి బరువుగా నొస్తూ, నోరు తెరిస్తే చెవి ముందర పోటు వస్తోందంటే కీలుని అనుమానించాలి. ఈ తేడా తెలిసివుంటే మా తోటికోడలి పన్ను మిగిలేది.

వదులైనప్పుడే వ్యాయామం

వేడి ఒక్కటే చాలదు. కాపడంతో కండరం వదులైన ఆ పది నిమిషాల్లో దవడకి సరైన కదలిక నేర్పాలి. ఇనుము కాలినప్పుడే సాగుతుంది కదా.

మొదటిది నాలుకకి చోటు చూపించడం. 'న' అనండి. నాలుక కొన పై పళ్ళ వెనక అంగిట్లో ఎక్కడ ఆనిందో అక్కడే మెత్తగా వుంచండి. పెదాలు కలపండి, పళ్ళు విడదీయండి, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి వదలండి. దవడకి విశ్రాంతి అంటే ఇదే. రోజులో ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు చెయ్యండి.

తర్వాత అద్దం ముందర నిలబడండి. నాలుక అక్కడే వుంచి, నోరు నెమ్మదిగా తెరిచి మూయండి. గడ్డం ఒక పక్కకి వంకరగా పోతుంటే అద్దంలో చూస్తూ తిన్నగా వచ్చేట్టు దిద్దుకోండి. నాలుక ఊడిపోయేంత పెద్దగా తెరవకండి. మూడోది, గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించి కొంచెం పైకి నొక్కుతూ, ఆ నొక్కుడుకి ఎదురుగా నోరు కాస్త తెరవబోవడం. ఆరు లెక్కపెట్టి వదిలెయ్యండి. చివర్న భుజాలు వెనక్కి విరిచి, గడ్డం లోపలికి లాగి, మెడ నిటారుగా చెయ్యండి.

చిలీ దేశానికి చెందిన రొకబాదో అనే ఫిజియోథెరపిస్టు పేరు మీద 'ఆరు ఆర్లు' పద్ధతి ఒకటి ప్రసిద్ధం. ఆరు వ్యాయామాలు, ఒక్కోటి ఆరుసార్లు, రోజుకి ఆరు విడతలు. పైన చెప్పినవి అలాంటివే. ఇంటిపనిలో ఆరు విడతలు కుదరకపోతే నాలుగు చెయ్యండి. నొప్పి పెరిగితే అక్కడితో ఆపండి, పళ్ళు బిగబట్టి చెయ్యకండి.

బుగ్గ కండరాన్ని వేళ్ళ కొసలతో గుండ్రంగా రుద్దుకోవడం కూడా హాయినిస్తుంది. కొంచెం నువ్వుల నూనె రాసుకుంటే వేళ్ళు జారతాయి. ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించండి. నోరు హద్దు దాటి తెరుచుకోదు.

పొయ్యి మీద ఏం పెట్టాలి?

మూడు నాలుగు వారాలు దవడకి సెలవు. తేగలు, చెరకు గడలు, జంతికలు, ఎండుకొబ్బరి, భీమాలి మామిడి తాండ్ర పక్కన పెట్టండి. మరీ ముఖ్యంగా వక్క, బబుల్ గమ్ మానెయ్యాలి. జామకాయ, మొక్కజొన్న పొత్తు నేరుగా కొరక్కండి. చిన్న ముద్దలు చేసుకుని రెండు పక్కలా నమలండి.

అలాగని ఉత్త గంజి తాగి నీరసపడొద్దు. ముద్దపప్పు నెయ్యి, పెసరకట్టు, ఆనపకాయ పాలు పోసిన కూర, గుమ్మడికాయ పులుసు, ఇడ్లీ, ఉడకబెట్టిన గుడ్డు, పెరుగన్నం, మగ్గిన అరటిపండు - ఇన్ని వున్నాయి. మన చోడి అంబలిని మించింది లేదు. మూడు చెంచాల చోడిపిండి గ్లాసు నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి రాత్రంతా వుంచండి. పొద్దున్న రెండు గ్లాసుల నీళ్ళు ఉప్పు వేసి మరిగించి, పులిసిన పిండి పోస్తూ గరిటెతో తిప్పండి. ఏడెనిమిది నిమిషాలకి చిక్కబడి మెరుపొస్తుంది. దించి, గోరువెచ్చగా అయ్యాక గ్లాసుడు మజ్జిగ కలపండి. నంజుకోవడానికి ఉల్లిపాయ కాస్త ఉడికించి పెట్టుకోండి, పచ్చిది కరకరలాడుతుంది.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

రెండు మూడు వారాలు ఇలా చేసినా తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. దంతవైద్య కళాశాలలకి వెళ్ళినవాళ్ళు నేరుగా 'పన్ను నొప్పి' అనకుండా, చెవి ముందర కీలు నొప్పి అని చెప్పి ఓరల్ మెడిసిన్ విభాగం ఎక్కడని అడగండి. శ్రీకాకుళం పక్కన చాపురంలో ఒక కళాశాల, విజయనగరం నుంచి విశాఖ వెళ్ళే దారిలో సంగివలసలో ఒకటి వున్నాయి. పెద్దాసుపత్రుల్లో ఫిజియోథెరపీ కూడా అడగొచ్చు.

అక్కడ అల్ట్రాసౌండు, కరెంటు పట్టీలు, లేజరు, షార్ట్‌వేవ్ వేడి లాంటి యంత్రాలు వుంటాయి. గుండెకి పేస్‌మేకర్ వున్నవాళ్ళు, గర్భిణులు ముందే ఆ సంగతి చెప్పాలి. యంత్రం అనగానే గొప్ప వైద్యం అనుకుంటాం. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, మూడు నెలలు దాటిన దవడ నొప్పుల మీద ఒక అంతర్జాతీయ బృందం సిఫారసులు ప్రచురించింది. గట్టిగా సిఫారసు చేసినవి ఏమిటో తెలుసా? నిపుణులు చేత్తో దవడని కదిలించే చికిత్స, కండరంలో నొప్పి ముడులని వేళ్ళతో నొక్కి వదులు చెయ్యడం, దగ్గరుండి చేయించే దవడ, మెడ వ్యాయామాలు, ఇంట్లో చేసుకునే సాగతీతలు, రోగికి ధైర్యం చెప్పడం, నొప్పిని తట్టుకునే ఆలోచనా పద్ధతి నేర్పే కౌన్సెలింగు. లేజరు, కరెంటు పట్టీలు ఆ వరుసలో లేవు. రాత్రి పళ్ళకి పెట్టుకునే నైట్‌గార్డు కూడా నొప్పి వైద్యంగా ముందు వరుసలో లేదు. పళ్ళు కొరికేవాళ్ళకి పళ్ళరగకుండా అడ్డం వేయడానికి మాత్రం అది పనికొస్తుంది.

చేత్తో చేసే చికిత్స అంటే, గ్లవుజు వేసుకున్న బొటనవేలు కింది వెనక పళ్ళ మీద పెట్టి, దవడని మెల్లగా కిందికీ ముందుకీ లాగుతారు. చూడ్డానికి భయంగా వుంటుంది గానీ మా తోటికోడలు రెండోసారికి "బాగుందప్పా" అంది.

పళ్ళు అరగదీసి 'కాటు సరిచేస్తాం' అంటే, కీలుకి ఆపరేషన్ అంటే, ఇంకొకరి సలహా కూడా తీసుకోండి. 1934లో కాస్టెన్ అనే అమెరికా చెవి డాక్టరు ఈ నొప్పులన్నిటికీ పళ్ళ అమరికే మూలమని రాశాడు. ఆ మాట పట్టుకుని దశాబ్దాల పాటు ఎందరి పళ్ళో అరగదీశారు, పీకారు. 1980లలో అమెరికాలో కీలు లోపలి మెత్త తీసేసి ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ అనే కృత్రిమ పొర పెట్టారు. అది నలిగి ముక్కలై, చుట్టూ వున్న ఎముకనే తినేసింది. 1990ల మొదట్లో ఆ ప్రభుత్వం దాన్ని వెనక్కి తీయించింది. నష్టపోయినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

ఇవి దవడ కీలు నొప్పులు కావు

దవడ నొప్పితో పాటు గుండె బరువెక్కడం, చెమటలు, ఆయాసం, వాంతి వచ్చినట్టుండడం వుంటే తువ్వాలు పక్కన పడేసి 108కి ఫోన్ చెయ్యండి. ఆడవాళ్ళలో గుండెపోటు ఛాతీ నొప్పి అంతగా లేకుండా దవడలో కనిపించడం వుంది. మెట్లెక్కితే వచ్చి, కూచుంటే పోయే దవడ నొప్పిని కూడా వెంటనే చూపించాలి.

ఆవలించాక నోరు మూతపడకుండా వుండిపోతే కీలు తప్పినట్టు. ఇంట్లోవాళ్ళు గుద్ది సరిచెయ్యబోకండి. గడ్డం కింద గుడ్డ పట్టుకుని ఆసుపత్రికి వెళితే డాక్టరు బొటనవేళ్ళతో నొక్కి క్షణాల్లో కూచోబెడతారు. గాయమైన కొద్ది రోజులకి దవడలు బిగుసుకుపోతే ధనుర్వాతమేమోనని పరుగెత్తాలి. కరెంటు షాకులా క్షణంసేపు మెరిసిపోయే నొప్పి నరానిది, దానికి మందులు వేరు.

ఇంకొకటి మన వైపుది. వక్క, గుట్కా నమిలేవాళ్ళకి నోరు మండుతూ, బుగ్గలు గట్టిపడి, నెలనెలకీ నోరు తక్కువ తెరుచుకుంటుంది. మీ చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్ళు మూడూ నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోతే చూపించుకోండి. మన కోస్తా పల్లెల్లో పెద్దావిడలు కాల్చే అడ్డపొగ సంగతి అందరికీ తెలుసు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటే అంగిట్లో తెల్లమచ్చలు, పుళ్ళు, క్యాన్సరు వస్తాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి 1971లోనే ఈ అడ్డపొగ మీద పరిశోధన ప్రచురించారు. మీ ఇంట్లో అడ్డపొగ పెద్దావిడకి దవడ నొస్తోందంటే కాపడం పెట్టే ముందు నోరు తెరిపించి, టార్చి వేసి అంగిలి చూడండి. మచ్చో, మానని పుండో కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మొన్నటి సంక్రాంతికి మా ఇంట్లో మళ్ళీ తేగలు కాల్చాం. మా తోటికోడలు ఒక తేగ చీల్చి, పీచు పిల్లలకి పంచేసి, మధ్యలో వుండే మెత్తటి చందమామ మాత్రం తను నోట్లో వేసుకుంది. ఇప్పటికీ పెద్దగా ఆవలిస్తే ఆవిడ చెవి ముందర టక్కుమంటుంది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోదు.